రెండో సినిమా ఎవరు తీస్తారు?

హైదరాబాద్

చిరంజీవి చిన్నికి,

నీ ఉత్తరం అందింది. పూణేలో చదువు ముగించుకుని ముంబయిలో ఎవరో ఒకరి దగ్గర అసిస్టెంటుగా చేరతావని ఇంట్లో అందరం అనుకున్నాం. నువ్వేమో ఆదిలాబాద్ వైపు ఉట్నూరు వెళ్లి గోండు, కొలాం, తోటి తెగల యువతకు సినిమా తీయడం నేర్పే పనికి ఒప్పుకున్నానని రాశావు. మీ అమ్మకు ఇది మింగుడు పడలేదు, నాకు మాత్రం చాలా నచ్చింది. ముంబయి ఎక్కడికీ పోదు.

ఏ కెమెరా కొనాలి, పాఠాలు ఏ వరసలో చెప్పాలి, తయారైన సినిమాలు ఏ ఫెస్టివల్‌కు పంపాలి అని అడిగావు. వాటికి జవాబులు ఈ ఉత్తరంలోనే ఉన్నాయి గానీ, నువ్వు అడగని సంగతితో మొదలుపెడతాను. ఏడాది తర్వాత నువ్వు అక్కడి నుంచి వచ్చేస్తావు. ఆ తర్వాత ఆ పిల్లల్లో ఎవరైనా, నువ్వు పక్కన లేకుండా, రెండో సినిమా తీయగలగాలి. నీ పని ఫలించిందో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది. మొదటి సినిమా ఎవరైనా తీయించగలరు. కెమెరా నీది, డబ్బు సంస్థది, ఎడిటింగ్‌లో చెయ్యి నీదైతే పది నిమిషాల చక్కటి సినిమా వస్తుంది, చప్పట్లూ పడతాయి. అలాంటి ‘మొదటి సినిమాలు’ మన దేశంలో స్వచ్ఛంద సంస్థల బీరువాల నిండా ఉన్నాయి.

ఈ పని నీతో మొదలవడం లేదు. నీకంటే ముందు చేసినవాళ్ల సంగతులు తెలుసుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

1966 వేసవిలో అమెరికాలోని ఆరిజోనాలో, పైన్ స్ప్రింగ్స్ అనే నవాహో ఊరికి సోల్ వర్త్, జాన్ అడైర్ అనే ఇద్దరు పరిశోధకులు వెళ్లారు. కొందరు నవాహోల చేతికి 16 ఎం.ఎం. కెమెరాలిచ్చి, రీలు ఎక్కించడం, షాటు తీయడం, ముక్కలు అతకడం వరకే నేర్పారు. కథ ఎలా చెప్పాలో, దేన్ని సినిమా అంటారో కావాలనే చెప్పలేదు. సూసీ బెనల్లీ అనే ఆమె నేత మీద సినిమా తీసింది. అందులో మగ్గం ముందు కూర్చునే ఘట్టం కంటే ముందు జరిగే పనే ఎక్కువ సేపు నడుస్తుంది: గొర్రె బొచ్చు కత్తిరించడం, రంగు కోసం మొక్కలు వెతకడం, నూలు వడకడం. జానీ నెల్సన్ వెండిపని మీద తీసిన సినిమాలోనూ అంతే. ఆ సినిమాల్లో మనుషులు నడుస్తారు, చాలాసేపు నడుస్తారు. మన స్కూళ్లలో చదివిన ఎడిటరెవరైనా ఆ నడకను మూడు సెకన్లకు కత్తిరిస్తాడు. ఆ తీసినవాళ్ల దృష్టిలో పని అంటే ఆ నడకే.

ఇందులో నువ్వు పట్టుకోవలసిన సంగతులు రెండు. ఉట్నూరు కుర్రాడెవడో ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లే దారిని నాలుగు నిమిషాలు తీసుకొస్తే, ‘ల్యాగ్’ అనే మాట నోటిదాకా వచ్చినా ఆపుకో. నాలుగు నిమిషాలు ఎందుకు ఉంచాడో అడుగు. జవాబు ఉంటే షాటు ఉండాలి. జవాబు లేకపోతే వాడే కత్తిరిస్తాడు. రెండో సంగతి, ఆ ప్రయోగం పరిశోధకుల ప్రశ్నకు జవాబు కోసం జరిగింది. వేసవి అయిపోయింది, పరిశోధకులు 1972లో దాని మీద పుస్తకం వేశారు, అది విశ్వవిద్యాలయాల్లో పాఠ్యగ్రంథమైంది. పైన్ స్ప్రింగ్స్‌లో సినిమా తీసే పని మాత్రం ఆ వేసవితోనే ఆగిపోయింది. నీ సంస్థ ఏడాది చివర్లో ఒక నివేదిక అడుగుతుంది. అది రాసి ఇవ్వు. దాని కోసం మాత్రం క్లాసు నడపకు.

బ్రెజిల్‌లో విన్సెంట్ కరేలి 1980ల చివర్లో ‘గ్రామాల్లో వీడియో’ అనే పని మొదలుపెట్టాడు. మొదట నంబిక్వారా తెగవాళ్ల వేడుక ఒకటి చిత్రీకరించి, ఆ రషెస్ వాళ్లకే చూపించాడు. తెర మీద తమను తాము చూసుకున్నవాళ్లకు అది నచ్చలేదు. బట్టలు మరీ ఎక్కువగా ఉన్నాయన్నారు. తర్వాతిసారి ఒంటికి రంగులు పూసుకుని వచ్చారు. ఆ చూసుకోవడంలోంచే, ఏళ్ల తరబడి మానేసిన ముక్కు, పెదవి కుట్టించుకునే ఆచారాన్ని మళ్లీ చేసుకున్నారు. ‘ఉన్నది ఉన్నట్టు తీయాలి’ అని మనకు నేర్పిన పాఠం ఇక్కడ పనికిరాదు. ఎలా కనిపించాలో తేల్చుకునే హక్కు కనిపించేవాళ్లది. అందుకని ఒక నియమం పెట్టుకో: ఆ రోజు తీసింది ఆ రాత్రే ఊళ్లో చూపించాలి. ప్రొజెక్టర్ లేకపోతే టీవీకి కలుపు, అదీ లేకపోతే ల్యాప్‌టాప్ చాలు. చూసిన పెద్దలు ‘ఇది తీసెయ్’ అంటే తీసెయ్యాలి. ఎంత అందమైన షాటైనా సరే.

ఇక కెనడా. అక్కడి నేషనల్ ఫిల్మ్ బోర్డు 1968లో ఆదివాసీ యువకులను చేర్చుకుని వాళ్లతో ఒక చిత్రబృందం తయారుచేసింది. ఆ బృందంలో మైక్ మిచెల్ అనే మోహాక్ కుర్రాడు ఉన్నాడు. అతని ఊరు అక్వెసాస్నె, కెనడా, అమెరికాల సరిహద్దు మీద ఉంటుంది. వాళ్లు రోజువారీ సరుకులు తెచ్చుకుంటే కెనడా అధికారులు సుంకం వసూలు చేసేవారు, 1794 నాటి ఒప్పందం ప్రకారం తమకు సుంకం లేదని వాళ్ల వాదన. అదే ఏడాది డిసెంబరులో అక్కడి సరిహద్దు వంతెనను దిగ్బంధం చేయాలని ఊరు నిర్ణయించింది. మిచెల్ ఫిల్మ్ బోర్డుకు ఫోన్ చేశాడు. నిర్మాత జార్జ్ స్టోనీ కమిటీలు, అనుమతులు అంటూ కూర్చోకుండా వెంటనే బృందాన్ని పంపాడు. ‘యు ఆర్ ఆన్ ఇండియన్ ల్యాండ్’ అలా పుట్టింది. నీ చేతిలో నిధి ఉన్నప్పుడు అందులో కొంత ఇలాంటి ఫోన్ కాల్ కోసం పక్కన పెట్టు. ఊళ్లో జరిగేవి మన ప్రపోజల్ గడువు చూసుకుని జరగవు.

ఆ సినిమా కథ అక్కడితో అయిపోలేదు. దర్శకుడిగా చాలా ఏళ్లు మోర్ట్ రాన్సెన్ పేరు నడిచింది. అతను ఫిల్మ్ బోర్డు మనిషి. జనాన్ని కూడగట్టి, దిగ్బంధాన్ని ముందుండి నడిపి, అదే సమయంలో ఏది తీయాలో చెప్పినవాడు మిచెల్. దర్శకుడిగా అతని పేరు అధికారికంగా పడింది 2017లో. అప్పటికి అర్ధశతాబ్దం కావస్తోంది, అతను తన ఊరి మోహాక్ మండలికి గ్రాండ్ చీఫ్‌గా కూడా పనిచేశాడు. ఇందులో ఎవరి దుర్మార్గమూ ఉండనక్కర్లేదు. టైటిల్స్ రాసేటప్పుడు ‘సాంకేతికంగా ఎవరు చేశారు’ అని చూస్తే నీలాంటి చదువుకున్నవాళ్ల పేరే వస్తుంది. నువ్వు ఎడిట్ చేసి ఉండొచ్చు, రంగులు సరిచేసి ఉండొచ్చు. దర్శకత్వం అంటే నిర్ణయం. ఆ నిర్ణయం ఎవరిదో వాళ్ల పేరు వేయించు. నీ పేరు ‘సహకారం’ కింద ఉంటే చాలు, దాంతో నీ భవిష్యత్తుకు వచ్చే నష్టమేమీ లేదు.

పేరు కంటే గట్టిది హక్కు. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సినిమాకు కర్త దర్శకుడు కాదు, నిర్మాత. చొరవ, బాధ్యత తీసుకున్నవాడే నిర్మాత. అంటే వేరే ఒప్పందం రాసుకోకపోతే, ఉట్నూరు పిల్లలు తీసిన సినిమాలన్నీ చట్టం దృష్టిలో నువ్వు పనిచేసే సంస్థవి. వాళ్ల అవ్వ పాడిన పాట, వాళ్ల పొలం గట్టు, వాళ్లు చెప్పిన కథ, యజమాని మాత్రం ఇంకొకరు. సంస్థవాళ్లు మంచివాళ్లే కావచ్చు. రేపు అధ్యక్షుడు మారితే, ఫండింగ్ ఇచ్చేవాళ్లు మారితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అందుకే క్లాసు మొదటి రోజు కెమెరా పెట్టె తెరవకముందే రెండు పేజీల ఒప్పందం తెలుగులో రాయించు. కాపీరైట్ తీసినవాళ్లదీ, ఊరిదీ. సంస్థకు ప్రదర్శించుకునే అనుమతి మాత్రం ఉంటుంది. అమ్మితే ఎవరికెంత, ఎవరైనా తన ముఖం తీసేయమంటే ఏం చేయాలి, అన్నీ అందులో ఉండాలి. చదవడం రానివాళ్లకు గోండిలో చదివి వినిపించు. సంస్థ ఒప్పుకోకపోతే నువ్వు ఆ ఉద్యోగంలో ఉండకు. ఇదొక్కటీ నీకు ఆజ్ఞగా చెబుతున్నాను, మిగతావన్నీ సలహాలు.

హార్డ్‌డిస్కుల సంగతీ ఇందులోదే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపిన తర్వాత, నిజాం ప్రభుత్వం ఆ ప్రాంతానికి హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపిన సంగతి నీకు తెలుసు. గోండుల కోసం ఆయన చేసిన మేలు అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, మార్లవాయిలో ఆయన సమాధి దగ్గర నివాళులు అర్పిస్తారు. ఆయన జీవితమంతా తీసిన వేల ఫొటోలు, ఫిల్ములు మాత్రం ఉన్నది లండన్‌లో. తాత ముఖం చూడాలంటే మనవడు ఇంకో దేశం కంప్యూటర్ తెర వైపు చూడాలి. ఆ రోజుల్లో ఫిల్మును ఉట్నూరులో భద్రపరచడం సాధ్యం కాదు. ఇప్పుడు సాధ్యమే. మూడు కాపీలు తీయి: ఒకటి తీసినవాళ్ల దగ్గర, ఒకటి ఊరు నమ్మిన మనిషి దగ్గర, ఒకటి సంస్థలో. హైదరాబాద్‌లో నీ బీరువాలో ఒక్కటి కూడా వద్దు.

తెర మీదకు రానివ్వకూడనివి కూడా ఉంటాయి. కేస్లాపూర్ నాగోబా పూజలు మెస్రం వంశస్తులవి. పుష్య అమావాస్య నాడు జాతరకు లక్షల జనం వస్తారు, టీవీ కెమెరాలు వస్తాయి, అందుకని అన్నీ తీయొచ్చనుకోకు. ఏది తీయాలో, ఏది తీయకూడదో, తీసింది ఎవరు చూడొచ్చో ఆ వంశపు పెద్దలను అడిగి తేల్చుకునే బాధ్యత మీ పిల్లలకు అప్పగించు, నువ్వు వెళ్లి అడగకు. నువ్వు అడిగితే వచ్చిన అతిథి అడిగిందని మొహమాటానికి సరేనంటారు. సొంత మనవడు అడిగితే ‘వద్దు’ అని చెప్పగలరు. భూమి తగాదాలు, పోడు కేసులు, 1981 నాటి ఇంద్రవెల్లి కాల్పుల జ్ఞాపకాలు తీయాలని ఎవరైనా అంటే ఆపకు. తీసిన తర్వాత ఎవరి మీద ఏ కేసు పడొచ్చో, ఎవరి ముఖం, ఎవరి గొంతు దాచాలో ముందే కూర్చుని మాట్లాడు. ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషి అక్కడే బతకాలి.

డబ్బు గురించి సినిమావాళ్లు రాసుకోరు, నేను రాస్తాను. ఆదిలాబాద్‌లో దసరా దాటితే పత్తి తీతలు మొదలవుతాయి. కిలో చొప్పున కూలి. ఇంట్లో రెండు చేతులు తగ్గితే ఆ నెల లెక్క తప్పుతుంది. దీపావళి ముందు దండారీ నృత్యబృందాలు బయల్దేరతాయి, కుర్రాళ్లు గుస్సాడీ వేషాల్లో ఊళ్లు తిరుగుతూ రోజుల తరబడి ఇంటికి రారు. నువ్వు రాసిన ప్లాను ప్రకారం క్లాసులు సరిగ్గా ఆ నెలల్లోనే పెట్టావు. హాజరు లేదని తర్వాత బాధపడి లాభం లేదు. క్యాలెండర్ వాళ్లదగ్గర తీసుకో. వచ్చే ప్రతి ఒక్కరికీ, నేర్చుకునే రోజుక్కూడా, పత్తి తీతలో వచ్చే కూలికి తగ్గకుండా ఇవ్వు. ఉచిత శిక్షణ అంటే కూలి మానుకోగలిగినవాళ్లకే శిక్షణ అని అర్థం. ఆడపిల్లలు ఎక్కువమంది రావాలంటే చీకటి పడేలోగా ఇంటికి చేరే ఏర్పాటు, మరుగుదొడ్డి, తోడు వచ్చే అక్కకో వదినకో భోజనం, ఇవన్నీ బడ్జెట్‌లో రాయాలి. కెమెరా లెన్సు ఒకటి తగ్గించైనా సరే.

ఇక కెమెరా. చేతిలో ఉన్న ఫోన్లతో మొదలుపెట్టు. మిగిలిన డబ్బు మైకుల మీద పెట్టు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. పైగా నువ్వు వెళ్తున్నది గొంతుల దేశానికి. పర్ధాన్‌లు, తోటీలు తరతరాలుగా కిక్రి వాయిస్తూ గోండుల వంశకథలు పాడతారు. మణుగూరు వైపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలు మీద సమ్మక్క సారలమ్మల కథ చెప్పి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ మనిషి 2024లో పోయారు. కథ నిర్మాణం ఎలా ఉండాలో నేర్పడానికి నువ్వు హాలీవుడ్ పుస్తకం పట్టుకెళ్లనక్కర్లేదు. ఒక పర్ధాన్ పెద్దను క్లాసుకు పిలిపించు, గౌరవంగా పారితోషికం ఇచ్చి. ఒక రాత్రి కథ ఎక్కడ ఆపుతాడో, ఎక్కడ తిప్పుతాడో, వినేవాళ్లు నిద్రపోకుండా ఏం చేస్తాడో పిల్లలతో పాటు నువ్వూ విను. ఎడిటింగ్ పాఠం అక్కడే ఉంది. మన దగ్గర ఒక దారి వేసిన మనిషీ ఉంది: ఒడిశాకు చెందిన లిపికా సింగ్ దరాయ్, హో ఆదివాసీ. పూణే ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ చదివింది. సౌండ్‌కు జాతీయ అవార్డు తెచ్చుకుని, ఆ తర్వాత దర్శకురాలై తొలి చిత్రానికి మరో జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఆమె సినిమాలు పిల్లలకు చూపించు.

ఇంకొక దారి రాంచీలో ఉంది. బీజు టోప్పో ఉరావ్ ఆదివాసీ, మేఘనాథ్ బయటి నుంచి వచ్చిన కార్యకర్త. ఇద్దరూ ‘అఖ్‌రా’ పేరుతో 1990ల నుంచి కలిసి సినిమాలు తీస్తున్నారు. స్పాంజ్ ఐరన్ కార్ఖానాల పొగ మీద తీసిన ‘లోహా గరమ్ హై’, వరిసాగు మీద తీసిన ‘ఏక్ రోపా ధాన్’ రెండింటికీ 58వ జాతీయ అవార్డుల్లో బహుమతులొచ్చాయి, రెండింట్లోనూ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఒక సినిమాతో విడిపోని జత అది. ఇలాంటి సహవాసం ఏడాది ప్రాజెక్టుల్లో కుదరదు. నువ్వు ఏడాదికే వెళ్తున్నావు కాబట్టి, నీ తర్వాత ఉండిపోయేవాళ్లు ఎవరో ఇప్పుడే వెతుకు. ఉట్నూరులో పెళ్లి వీడియోలు తీసే కుర్రాడు ఎవరో ఒకరు ఉండే ఉంటాడు. కెమెరా, కంప్యూటర్, కరెంటు పోతే జనరేటర్, అన్నీ ఉన్నది అతని దగ్గరే. నీ క్లాసులో అతన్ని చేర్చుకో. నువ్వు వెళ్లాక ఎడిటింగ్ మెషిన్ అతనిదే.

మంచి జత గురించి చెప్పాలంటే ఇగ్లూలిక్ గురించి చెప్పాలి. ఉత్తర ధ్రువం వైపు, కెనడాలో ఇన్యుయిట్‌ల ఊరు. ఉపగ్రహ టీవీ వస్తుందంటే 1975లో ఒకసారి, 1979లో ఇంకోసారి ఓటు వేసి వద్దన్నారు. అందులో తమ భాష లేదు కాబట్టి. ఆ ఊరి శిల్పి జకరియాస్ కునుక్ 1981లో తన రాతిబొమ్మలు మాంట్రియల్‌లో అమ్మి, ఆ డబ్బుతో వీడియో కెమెరా కొనుక్కుని ఇంటికొచ్చాడు. 1990లో అతను, పాల్ అపాక్, పౌలూసీ కులితాలిక్, న్యూయార్క్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ నార్మన్ కోన్ కలిసి ఇసుమా అనే కంపెనీ పెట్టారు. వాటాల్లో ఎక్కువ భాగం ఇన్యుయిట్‌లదే. ఊరి పెద్దల దగ్గర ఒకే పాతకథను ఎవరు చెప్పినట్టు వాళ్ల నుంచి రాసుకుని, వాటిని కలిపి స్క్రిప్టు చేశారు. ఆదివాసీ భాషా చిత్రాలకు విడిగా పెట్టిన చిన్న నిధిలోంచే ఇస్తామన్న ప్రభుత్వ పద్ధతితో కొట్లాడారు. ఆ సినిమా ‘అటనార్‌జువాట్’. పూర్తిగా ఇనుక్టిటుట్ భాషలో, దాదాపు మూడు గంటల సినిమా, 2001లో కాన్స్‌లో ఉత్తమ తొలి చిత్రానికిచ్చే కెమెరా దోర్ గెలిచింది. దానికి కెమెరా పట్టింది కోన్. అంటే బయటివాడు కెమెరా పట్టకూడదని నియమమేమీ లేదు. కంపెనీ ఎవరిది, ఏ భాషలో ఆలోచించారు, ఎవరి మాట చెల్లింది అన్నవే లెక్క. వాళ్ల ఊరి ఆడవాళ్లు విడిగా ఆర్నైట్ అనే వీడియో బృందం కూడా పెట్టుకున్నారు, అది కూడా గుర్తుంచుకో.

ఆస్ట్రేలియాలో లఘుచిత్రం నుంచి ఫీచర్ దాకా మెట్లు కట్టారు. 1980లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆదివాసీలు రేడియోగా మొదలుపెట్టిన సంస్థ కామా. దాన్ని స్థాపించినవాళ్లలో ఫ్రీడా గ్లిన్ ఒకరు. ఆమె కొడుకు వార్విక్ థోర్న్‌టన్ అక్కడే కుర్రతనంలో రేడియోలో, తర్వాత కెమెరా దగ్గర పని నేర్చుకున్నాడు. 1993లో అక్కడి ప్రభుత్వ ఫిల్మ్ కమిషన్ ఆదివాసీల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. దాని నుంచి 1996లో ఆరు లఘుచిత్రాల సంపుటి వచ్చింది, వార్విక్ సినిమా అందులో ఒకటి. తర్వాత కాస్త పెద్ద లఘుచిత్రాలు, ఆ తర్వాత ఫీచర్ స్క్రిప్టులు. 2009లో అతని మొదటి ఫీచర్ సినిమా ‘శాంసన్ అండ్ డెలైలా’ కూడా కాన్స్‌లో కెమెరా దోర్ గెలిచింది. లఘుచిత్రానికీ ఫీచర్‌కూ మధ్య పదమూడేళ్లు ఎవరో ఒకరు తరవాతి మెట్టుకు డబ్బిచ్చారు. ఆ ఇచ్చే విభాగం ఎవరి చేతుల్లో ఉందో చూడు. మొదటి ఆరుగురిలో ఒకరైన శాలీ రైలీ దాన్ని ఏళ్లపాటు నడిపింది. ఆ తర్వాత వార్విక్ అక్క ఎరికా గ్లిన్ నడిపింది. తీసినవాళ్లే నిర్ణయించే కుర్చీలోకి వచ్చారు.

మన దేశంలో అలాంటి మెట్లు ఇంకా తక్కువ. కేరళ ప్రభుత్వ చలనచిత్రాభివృద్ధి సంస్థ ఎస్సీ, ఎస్టీ దర్శకుల ఫీచర్ సినిమాలకు కోటిన్నర దాకా పెట్టే పథకం నడుపుతోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటిది కావాలని నీలాంటివాళ్లు ఉత్తరాలు రాయాలి. కొమురం భీమ్ పేరున్న పాత్రతో వందల కోట్ల సినిమా వచ్చి ప్రపంచమంతా ఆడింది. దాని దర్శకుడి కుర్చీలో, రచయిత కుర్చీలో గోండు మనిషి లేడు. ఇది ఆ సినిమా తీసినవాళ్లను తిట్టడానికి చెప్పడం లేదు. ఆ కుర్చీ దాకా వెళ్లే మెట్లు మన దగ్గర ఎవరూ కట్టలేదని చెబుతున్నాను. ఉన్న మెట్లు వాడుకో: పూణే, కోల్‌కతా ఇన్‌స్టిట్యూట్‌ల ప్రవేశాల్లో ఎస్టీ సీట్లున్నాయి. దరఖాస్తు ఇంగ్లిషులో ఉంటుంది, కులధ్రువీకరణ పత్రం కోసం తిరగాలి, ఇంటర్వ్యూకు రైలు టికెట్టు కావాలి. కుర్రకారుకు ప్రతిభ లేక ఆగిపోయింది తక్కువ, ఈ మూడింటి దగ్గర ఆగిపోయింది ఎక్కువ. ఆ పని నీది. ఆ కాగితాలు నింపడం కూడా సినిమా నేర్పడమే అనుకో.

కథల గురించి ఒక్కమాట. పిల్లలు తీసేది ‘ఆదివాసీ సినిమా’లా ఉండాలని నీలో నీకే తెలియకుండా ఒక ఆశ ఉంటుంది. అడవి, డోలు, పేదరికం, పోరాటం. ఒకమ్మాయి దెయ్యం సినిమా తీస్తానంటుంది. ఇంకొకడు కాలేజీ ప్రేమకథ, మూడోవాడు మేకలు పోయిన కామెడీ తీస్తానంటాడు. తీయనివ్వు. న్యూజీలాండ్ మావోరీ దర్శకుడు తైకా వైటిటీ ప్రపంచానికి తెలిసింది నవ్వించే సినిమాలతో. అమెరికాలో స్టెర్లిన్ హార్జో 2021లో మొదలుపెట్టిన ‘రిజర్వేషన్ డాగ్స్’ సిరీస్ రచయితలు, దర్శకులు అందరూ ఆదివాసీలే, అది తీసింది నలుగురు అల్లరి పిల్లల కథ. బాధ చూపిస్తేనే ఫెస్టివల్ తీసుకుంటుందని నువ్వు అనుకుంటే, ఆ మాట పిల్లల చెవిన పడకుండా చూడు.

ఫెస్టివల్స్ సంగతి చివరికి వచ్చింది, అదే దాని స్థానం. మొదటి ప్రదర్శన తీసిన ఊళ్లో, రెండోది పక్క ఊళ్లో, మూడోది జాతరలో. ఆ తర్వాత హైదరాబాద్, ఆ తర్వాత ఎక్కడికైనా. సినిమా గోండిలోనే ఉండనీ, తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టు. వేదిక మీదకు పిలిస్తే తీసినవాళ్లు వెళ్లాలి, వాళ్లు తెలుగులోనో గోండిలోనో మాట్లాడాలి, నువ్వు కింద కూర్చుని అవసరమైతే అనువాదం చెయ్యి.

నీకు కష్టమయ్యేది ఏమిటో కూడా చెబుతాను. వాళ్లు చేస్తున్నది తప్పని నీకు స్పష్టంగా తెలిసిన రోజులు వస్తాయి. షాటు కలవదు, క్లైమాక్స్ తేలిపోయింది, నీ చెయ్యి మౌస్ మీదకు పోతుంది. అభిప్రాయం ఒకసారి చెప్పు, కారణంతో చెప్పు, తర్వాత చేతులు కట్టుకో. తన తప్పు తనే చూసుకున్న దర్శకుడు రెండో సినిమా తీస్తాడు. నువ్వు దిద్దిన సినిమాతో పేరొచ్చినవాడు నీ కోసం ఎదురుచూస్తాడు.

వెళ్లిరా చిన్నీ. ధైర్యంగా చెయ్యి. మీ అమ్మకు నేను చెబుతాను. సంతకం పెట్టే ముందు ఆ ఒప్పందం చిత్తుప్రతి నాకు పంపు, కాపీరైట్ పేరా మాత్రం నేను స్వయంగా చదవాలి.

ఇట్లు,
నీ మావయ్య